దారి నడక

“అయోగ్యం” అన్నాడు సుదర్శనం. అని, పక్కనున్న సీసా మూత తిప్పి రెండు గుక్కల నీళ్లు తాగాడు.

ఆ మాట అన్న ప్రతిసారీ నీళ్లు తాగడం ఆయనకు అలవాటైపోయింది. మెడకు బిగించిన కంఠపట్టీ మాటను పట్టుకుని, పరీక్షలు నడిపే పీఠమనే యంత్రానికి చేరవేసింది. రోలర్ల మీద నిలబడ్డ పాల ఆటో గుండెదీపం ఆరిపోయింది, దాంతోపాటే ఇంజనూ. దాని యజమాని ఇంకా హ్యాండిల్ పట్టుకునే ఉన్నాడు. ఏదో అనబోయి, ఎవరితో అనాలో తెలియక మానుకున్నాడు. పైనుంచి కొక్కెం దిగి ఆటోను వెనకనున్న కోతశాలలోకి లాక్కుపోయింది. అక్కడ ఇనుము ఇనుముగా, రబ్బరు రబ్బరుగా విడిపోతుంది. మనిషి మాత్రం ఖాళీ పాలక్యాను ఒకటి చేతబట్టుకుని బయటికి నడిచాడు.

“తదుపరి వాహనం” అంది పీఠం. దాని గొంతులో కోపమూ ఉండదు, జాలీ ఉండదు. కోపమున్నా కాస్త బాగుండేదని సుదర్శనానికి అప్పుడప్పుడూ అనిపించేది.

రాళ్లవాగు యోగ్యతా కేంద్రంలో ఆయన చేసే పని చూస్తే నవ్వొస్తుంది. బ్రేకులు రోలర్లు చూస్తాయి. దీపాలు, పొగ, చక్రాల వాలు అద్దాలు చూస్తాయి. అడుగుభాగాన్ని గుంతలో ఉన్న లోతుకన్ను చూస్తుంది. కొలవాల్సిందంతా కొలిచి, ఏమనాలో కూడా పీఠమే తెరమీద రాసి పెడుతుంది. సుదర్శనం చేయాల్సింది దాన్ని నోటితో అనడం. యోగ్యం, లేదా అయోగ్యం. ఆ రెండే. మనిషి నోటి నుంచి వస్తేనే తీర్పు చెల్లుతుందని ఎప్పుడో ఏదో కోర్టు చెప్పింది. రేపు బండి బోల్తాపడి నలుగురు పోతే ఎవరినో ఒకరిని పట్టుకుని నిలదీయాలి కదా, యంత్రాన్ని ఏమని నిలదీస్తారు? అందుకని ఒక నోటిని జీతమిచ్చి కూర్చోబెట్టారు. సుదర్శనం తనను తాను అంతకుమించి అనుకోవడం చాలాకాలం క్రితమే మానేశాడు. ఆ నోరు ఇంటికెళ్లినా ఊరుకోదు. నిద్రలో కూడా అదే మాట గొణుగుతాడని భార్య పుష్పలత నవ్వుతూ చెప్పేది. ఈమధ్య నవ్వకుండా చెబుతోంది.

ప్రతి బండీ ఏడాదికోసారి పరీక్షకు రావాలి. దాటితే దారిముద్ర చెరిగిపోతుంది. ముద్ర లేని బండిని దారే నడవనివ్వదు. తారు కింద పరిచిన తీగలు దాని గుండెదీపాన్ని ఉన్నచోటే ఆర్పేస్తాయి. పరీక్షకు పోతున్న బండికి మాత్రం గడువు రోజు సాయంత్రం దాకా మినహాయింపు. అది కూడా కేంద్రానికి పోయే దారిలోనే. పక్కకు ఒక వీధి తిరిగినా ఆగిపోతుంది. ఒకప్పుడు మండలానికో కేంద్రం ఉండేది కాబట్టి ఇదంతా పెద్ద కష్టమనిపించలేదు. తర్వాత ఎక్కువ బండ్లను పాస్ చేస్తున్న కేంద్రాలను పీఠం ఒక్కొక్కటే మూసేస్తూ వచ్చింది. ఫోన్లోని పటం మీద చుక్క కనబడకపోతే ఆ కేంద్రం లేనట్టే. రాళ్లవాగులో ఒకప్పుడు రెండు వరుసలు నడిచేవి. రెండో వరుస రోలరు విరిగి చాలాకాలమైంది, బాగుచేయడానికి ఎవరూ రాలేదు. ఆ వరుస పరీక్షకురాలు నవనీత ఇప్పుడు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చిన బండ్లకు వంతులు చెబుతోంది.

పాల ఆటో తర్వాత వచ్చిన బండిని చూసి సుదర్శనం సీసా పక్కన పెట్టాడు.

అది పాత ప్యాసింజర్ వ్యాను. దాని ఒంటిమీది తెలుపు రంగు సగం పోయింది, కానీ ఉన్న సగాన్ని ఎవరో తోమి తోమి కడిగారు. ముందు అద్దానికి పసుపు, బొట్లు, బంతిపూల దండ. లోపల అద్దం పైనుంచి అద్దాల బిళ్లలు కుట్టిన ఎర్రటి గుడ్డముక్క వేలాడుతోంది. నడుపుతున్నది నలభై దాటిన ఆడమనిషి. వెనక సీట్లలో నలుగురు ముసలివాళ్లు.

“నమస్తే సారూ. దగ్గరి కేంద్రం ఇదేనా?” అంది ఆమె దిగుతూనే.

“ఇదేనమ్మా. ఎక్కడి నుంచి?”

“కాలవ అవతల సోమ్లా తండా సారూ. నా పేరు సక్రి. పోయినేడు పెద్దచెర్ల కాడ చేయించిన. ఈయేడు ఆడికి పోతె తాళమున్నది. ఫోన్ల చూస్తె దామరగుట్ట అని చూపిచ్చె. సగం దూరం పోయినంక ఆ చుక్క గూడ మాయమైంది. ఇగ తిరిగి తిరిగి మీ కాడికి వచ్చి పడ్డ.”

“గడువెప్పటి దాక?”

“ఇయ్యాల పొద్దు గూకేదాక.”

ముసలివాళ్లను దింపి రేకుల షెడ్డు కింద బల్లమీద కూర్చోబెట్టారు. అందరికంటే పెద్దాయన ఎడమ చెయ్యి మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బి ఉంది. ఆ నరం ఎందుకు ఉబ్బుతుందో సుదర్శనానికి తెలుసు. రక్తం కడిగే యంత్రానికి తగిలించడానికి డాక్టర్లు చేసే ఏర్పాటు అది.

“ఆస్పత్రికా?” అని అడిగాడు.

“నలుగురికీ అదే సారూ. దినం తప్పిచ్చి దినం పోవాలె. పట్నం ఆస్పత్రి మీ గేటు అవతలనే కద. ముద్ర పడంగనే అటే పోతం” అంది సక్రి. “గా పెద్దాయన లచ్చునాయక్, నాకు మామ అయితడు. నిన్ననే పోవాల్సుండె. కేంద్రం దొరకక తప్పింది.”

లచ్చునాయక్ ముఖం ఉబ్బి ఉంది. చెప్పులు పాదాలకు పట్టక చేత్తో పట్టుకున్నాడు.

వ్యాను రోలర్ల మీదికెక్కింది. బ్రేకులు బాగున్నాయి. దీపాలన్నీ వెలిగాయి. చక్రాలు తిన్నగా ఉన్నాయి. తెరమీద ఒక్కో గడీ పచ్చబడుతుంటే సుదర్శనం తెర దగ్గరికి జరిగాడు. ఇవాళ ఒక్కసారైనా యోగ్యం అనే అదృష్టం కలిగేలా ఉందనుకున్నాడు.

లోతుకన్ను కింద తిరగడం మొదలుపెట్టింది. ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చి ఆగింది.

“అడుగుచట్రంపై తాజా రంగు” అంది పీఠం. “దాపరికంగా పరిగణన. అయోగ్యతకు సిఫారసు. పునఃపరీక్ష లేదు. తీర్పు చెప్పండి.”

సుదర్శనం టార్చి పట్టుకుని గుంతలోకి దిగాడు. చట్రం పొడవునా నిగనిగలాడే నల్లరంగు, వాసన ఇంకా పోలేదు. రెండు కమ్మీలు కలిసేచోట, నేలకేసి తిరిగి ఉన్న ఇనుప పలక మీద, తెల్లరంగుతో ఎనిమిది రేకుల పువ్వు వేసి ఉంది. చుట్టూ చుక్కలు. ఎవరో వెల్లకిలా పడుకుని, చెయ్యి వణక్కుండా, ఓపిగ్గా వేసిన పువ్వు అది.

“సక్రమ్మా, కిందికి రంగెందుకేసిన్రు?” అని అడిగాడు గుంతలోంచే.

ఆమె వంగి చూసింది. ముఖంలో కొంచెం సిగ్గు, కొంచెం సంతోషం. “తండా అంత కల్సి ఏసినం సారూ. పైన చూసేటోళ్లు అందరు ఉంటరు, అడుగున చూసేటోళ్లు మీరే కద. ఇంటికి పెద్దమనిషి వస్తుండంటె గోడలకు సున్నమేస్తం, గట్లనే. పువ్వు మా అత్త ఏసింది. మీకోసమే.”

ఎన్నో ఏళ్లుగా సుదర్శనం గుంతలోకి దిగి తుప్పు చూశాడు, చమురు చూశాడు, బురద చూశాడు. తనకోసం ఎవరైనా ఏదైనా చేస్తారని ఎప్పుడూ అనుకోలేదు. చేసిన ఆ ఒక్కటీ బండి మెడకు చుట్టుకుంది.

రంగు గీకి చూడటానికి వీల్లేదు. గీకితే సాక్ష్యం చెరిపినట్టు. ఆయన పాత సుత్తి తీసి కమ్మీ వెంట కొడుతూ పోయాడు. ఖంగున పలికింది. ఖంగున పలికింది. పువ్వుకు అవతల, వెనక చక్రం వైపు, ఒకచోట మాత్రం మొద్దుగా మోగింది. మళ్లీ కొట్టాడు. లోపల తుప్పు తిని ఉండొచ్చు. రంగు అక్కడ మందంగా పట్టి ఉండొచ్చు. చెవి ఆనించి కొట్టినా తేలలేదు. ఆయనకు నిజంగానే తెలియలేదు. తెలియదు అనే మాట కంఠపట్టీకి నేర్పలేదు.

“తీర్పు చెప్పండి” అంది పీఠం.

పైకి వచ్చి తెర చూశాడు. కింద చిన్న అక్షరాల్లో ఉంది: సోమ్లా తండా, నమోదైన వాహనాల్లో మిగిలినది ఇదే. అయోగ్యమైనచో సూర్యాస్తమయానికి దారి రద్దు.

దారి రద్దంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. యోగ్యమైన బండి ఒక్కటైనా లేని ఊరికి దారి దండగ అంటుంది పీఠం. దీపాలు పీకేస్తారు, తీగల్లో కరెంటు ఆపేస్తారు, కాలవ మీది వంతెనకు గేటు వేసేస్తారు. ఆయన అక్క రుక్కమ్మను ఇచ్చిన కంచెలగూడేనికి అలాగే చేశారు. మొదట్లో వాళ్లు జబ్బుపడ్డ వాళ్లను మంచాల మీద మోసుకుని కాలవ దాటించేవారు. కొన్నాళ్లకు మోసే భుజాలు కూడా ముసలివైపోయాయి. అక్క ఇప్పుడు ఫోన్లో మాత్రమే ఉంది. చూసి ఎన్నాళ్లయిందంటే, ఆమె ముఖం గుర్తు తెచ్చుకుంటే పాత ముఖమే వస్తుంది.

“సక్రమ్మా, ఇట్ల రా” అని పక్కకు పిలిచాడు. “మీ తండాల ఇంక బండ్లు లేవా?”

“ట్రాక్టరుండె, పెద్దచెర్ల కాడ కోసిన్రు. జీపుండె, అది గూడ కోసిన్రు.” ఆమె ఆయన ముఖం చూసి ఆగింది. “ఏమైంది సారూ? రంగు వెయ్యొద్దా?”

వెనకనుంచి లారీ హారను మోగింది. ఉల్లిగడ్డల లోడుతో వంతు కోసం నిలబడ్డ యాకూబ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. ప్రతి ఏటా ఇక్కడికే వస్తాడు కాబట్టి సుదర్శనంతో చనువు. “సారూ, జర జల్ది కానియ్యిండ్రి. నాది గూడ ఇయ్యాలనే ఆఖరు!”

“తీర్పు చెప్పండి” అంది పీఠం మూడోసారి.

యోగ్యం అంటే అబద్ధం కావచ్చు. పట్నం దారిలో చట్రం రెండుగా తెగితే లోపలున్న అందరూ పోతారు, ఆ మాట తన నోటిదే. అయోగ్యం అంటే అదీ అబద్ధమే కావచ్చు. అప్పుడు కాలవ అవతల తండా మొత్తం పోతుంది, కొంచెం నెమ్మదిగా. ఆ మాటా తన నోటిదే. సుదర్శనం సీసా అందుకుని, తాగకుండానే మూత పెట్టేశాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తమకు శిక్షణ ఇచ్చిన పెద్దమనిషి గుర్తొచ్చాడు. అప్పట్లో రోలర్లు ఉండేవి కావు. అనుమానమున్న బండిలో పరీక్షకుడే ఎక్కి కూర్చునేవాడు. అలా ఊరంతా తిరిగి, మధ్యలో టీ తాగి వచ్చి, అప్పుడు చెప్పేవాడు.

“దారి నడక” అన్నాడు సుదర్శనం.

తెరమీది గడీలు ఒకసారి చెరిగి మళ్లీ వచ్చాయి. పీఠం ఆలోచించడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

“ఆ అంశం వాడుకలో లేదు” అంది.

“రద్దయిందా?”

“రద్దు కాలేదు.”

“గడువేమన్న ఉన్నదా దానికి?”

“గడువు పేర్కొనబడలేదు. పరీక్ష ముగిసే వరకు వాహనం ఏ దారినైనా నడవవచ్చును. పరీక్షకుడు వాహనాన్ని విడిచి పోరాదు. కంఠపట్టీ తీయరాదు. తీర్పు వెలువడే వరకు వరుస ఆ వాహనానికే కేటాయించబడుతుంది. వాహనంలో వాడుక బరువు ఉండవలెను.”

“వాడుక బరువు ఆ బల్లమీద కూసున్నది” అన్నాడు సుదర్శనం. “గేటు తెరువు.”

ఎక్కించే ముందు నలుగురి ఎదుటా నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. “అడుగున ఒకచోట నాకు నమ్మకం లేదు. తెగొచ్చు, తెగకపోవచ్చు. నేనైతే మీతోని కూసుంట. ఎక్కుడు ఎక్కకపోవుడు మీ ఇష్టం.”

ముగ్గురూ లచ్చునాయక్ వైపు చూశారు. ఆయన చెప్పులు చంకలో పెట్టుకుని లేచాడు. “తెగితె దారిమీద పోతం సారూ. ఎక్కకపోతె మంచంల పోతం. దారే నయం” అని, సక్రి చెయ్యి పట్టుకుని ఎక్కాడు.

వ్యాను గేటు దగ్గరికి వచ్చేసరికి యాకూబ్ అడ్డంగా నిలబడి ఉన్నాడు. తెరమీద వరుస ఎర్రబడటం చూసి ఏం జరిగిందో గ్రహించాడు. “ఏంది సారూ ఇది? వాళ్లను తీస్కపోయి నన్ను ముంచుతరా? నా ఎన్క ఇంక ఎంతమంది ఉన్నరో చూసిన్రా? పొద్దుగూకితె నా లారీ గుండె ఆరిపోతది. ఉల్లిగడ్డ కుళ్లుతది. నా పిల్లలకు నేనేం పెట్టాలె?”

యాకూబ్ అన్న ప్రతి మాటా నిజమే. ఒక్క బండిని నిలబెట్టడానికి సుదర్శనం అన్ని బండ్లను ఆపేస్తున్నాడు. అది తెలిసే చేస్తున్నాడు.

“నాతోని అనకు భాయ్. నేనేం చెప్పలేను” అన్నాడు. కిటికీలోంచి నవనీత వైపు చూశాడు. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమె మెడలోనూ పట్టీ ఉంది, వాడక మాసిపోయి ఉంది. గేటు ఎత్తింది.

పట్నం దారి సాఫీగా ఉంది. సాఫీగా ఉండటమే భయంగా ఉంది, ఎందుకంటే ప్రతి చిన్న గతుకూ స్పష్టంగా తెలుస్తోంది. వెనక చక్రం వైపు ఎక్కడో కిర్రుమని చప్పుడు. బరువు అటు వాలినప్పుడల్లా కిర్రు. సుదర్శనం సీటు అంచు పట్టుకుని ఆ చప్పుడు కోసమే ఎదురుచూస్తూ కూర్చున్నాడు. రానప్పుడు ఇంకా భయమేసింది.

“తీర్పు చెప్పండి” అంది పీఠం, మెడదగ్గరే.

“ఎవలు సారూ?” అంది సక్రి ఉలిక్కిపడి.

“నన్నే అడుగుతుంది. నువ్వు దారి చూడు.”

ఆస్పత్రి ముందు నలుగురినీ దింపి సక్రి లోపలికి తీసుకెళ్లింది. సుదర్శనం వ్యాన్లోనే ఉండిపోయాడు. విడిచి పోరాదన్నారు కదా. టీకొట్టువాడు గ్లాసు తెచ్చి కిటికీలోంచి ఇచ్చాడు. పీఠం అడుగుతూనే ఉంది. మొదట్లో ఒక్కమాటే అడిగేది, తర్వాత కారణాలు చెప్పడం మొదలుపెట్టింది. వరుసలో వాహనాలు ఆగిపోయాయంది. ఆయన ఉద్యోగం ఈ తీర్పుతో ముగుస్తుందంది. చట్రంలో కంపనం నమోదవుతోందంది. నిజమో, భయపెట్టడమో ఎవరికి తెలుసు? ఆ రెండు మాటల్లో ఏదీ పొరపాటున కూడా నోటికి రాకూడదని, టీకొట్టువాడు పలకరిస్తే తల ఊపి ఊరుకున్నాడు. ఇన్నేళ్లూ మాట్లాడినందుకు జీతం తీసుకున్న మనిషికి నోరు మూసుకోవడం ఇంత బరువుగా ఉంటుందనుకోలేదు.

మధ్యాహ్నం దాటాక ముసలివాళ్లు ఒకరొకరుగా బయటికి వచ్చారు. లచ్చునాయక్ ముఖంలో వాపు తగ్గింది. చెప్పులు కాళ్లకు వేసుకుని నడిచి వచ్చాడు. అది చూసి సుదర్శనం కళ్లు చెమర్చాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

తిరుగు దారిలో నవనీత ఫోన్ చేసింది. గాలి హోరు, ఇంజను మోత మధ్య ఆమె గొంతు అరుపులా వినబడింది.

“అన్నా, మన కేంద్రం చుక్క పటంలకెల్లి తీసేస్తున్నరు. మూసేస్తరంట.”

సుదర్శనం కళ్లు మూసుకున్నాడు. “మూసిన్రా?”

“మూయనీకి వస్తలేదు. నీ పరీక్ష తెరిచున్నది కద. నీ నోట్లకెల్లి మాట వచ్చేదాక చుక్క పోదు. పోతుంది, వస్తుంది, మినుకుమినుకుమంటున్నది. నువ్వొక్క మాటంటె నిమిషంల తాళం పడ్తది.”

“యాకూబ్ ఏమైండు?”

“నేను యాకూబ్ భాయ్ లారీలనే ఉన్న” అంది నవనీత. “నువ్వు పోయినంక నా కాళ్లమీద పడ్డంత పని చేసిండు. నా పట్టీ గూడ పనిచేస్తది కదన్నా. నేను గూడ దారి నడకనే అన్న. నా వరుస రోలరు విరిగినా వరుస వరుసే అంట, పీఠం గేటు తెరిచింది. మా ఆయనకు ఏం చెప్పాలో సమజైతలేదు.”

“మిగిలినోళ్లు?”

“వాళ్ల బండ్లల్ల ఎక్కనీకి మనదగ్గర ఇంక మనుషులు లేరు కదన్నా” అంది ఆమె. రాళ్లవాగు గేటు ముందు బారులు తీరిన బండ్లు సుదర్శనం కళ్లముందు కదిలాయి. పొద్దు వాలేకొద్దీ ఒక్కొక్కటిగా ఆరిపోయే గుండెదీపాలు. ఆ లెక్క కూడా తన నోటి కిందికే వస్తుంది. ఎవరూ నిలదీయకపోయినా వస్తుంది.

కాలవ దగ్గరికి వచ్చేసరికి పొద్దు ఎర్రబడింది. వంతెన మొదట్లో ఇనుప గేటు సగం దూరం దిగి ఆగి ఉంది. దిగబోతుంది, ఆగుతుంది, కొంచెం పైకి లేస్తుంది. తండాకు యోగ్యమైన బండి ఉందో లేదో దానికి తేలడం లేదు. దాని కింద ఇద్దరు మనుషులు నిలబడి, అది పూర్తిగా దిగితే భుజాలతో ఆపుదామన్నట్టు చూస్తున్నారు.

“పోనిస్తవా?” అన్నాడు సుదర్శనం.

“ఇంత కిందికా సారూ? తగుల్తదేమో.”

“నెమ్మదిగ. పైన చూడకు.”

సక్రి పళ్ల బిగువున వంతెన మీదికి ఎక్కించింది. గేటు అంచు వ్యాను కప్పును గీరుకుంటూ పోయింది. వంతెన నడిమధ్యలో వెనకనుంచి కిర్రు రాలేదు. దానికి బదులు ఠప్పుమని ఒక్క దెబ్బ వినబడింది. వెనక సీటులో ఎవరో దేవుణ్ని తలుచుకున్నారు.

“కంపనం హద్దు దాటింది” అంది పీఠం. “వాహనాన్ని ఆపగల మాట మీ వద్ద ఉన్నది. తీర్పు చెప్పండి.”

సుదర్శనం నాలుక మీదికి మాట వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు అది. పళ్లతో నాలుక కొరుక్కున్నాడు. సక్రి ఆయన వైపు చూడలేదు, స్టీరింగు మీది వేళ్లు తెల్లబడ్డాయి. వ్యాను కొంచెం కుంటుతూ, కొంచెం పక్కకు వాలుతూ అవతలి గట్టు దిగింది.

తండాలో జనం గుమికూడారు. లచ్చునాయక్ తన కాళ్లమీద తాను దిగడం చూసి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. చేతికి ఇంకా తెల్లరంగు మరకలున్న ముసలామె ఒకతె కిటికీ దగ్గరికి వచ్చింది. పువ్వు వేసిన సక్రి అత్త ఆమేనని చెప్పకుండానే తెలిసింది.

“పాసైందా బిడ్డా బండి?” అని అడిగింది సుదర్శనాన్ని.

ఆయన అడుగున పువ్వును చూశానన్నట్టు కిందికి చూపించి, రెండు చేతులూ జోడించాడు. ముసలామె అర్థమైనట్టు నవ్వింది. ఆమెకేమి అర్థమైందో ఆయనకు తెలియదు.

సక్రి కిందికి దూరి చూసి వచ్చింది. మోకాళ్ల మట్టి దులుపుకుంటూ గొంతు తగ్గించి చెప్పింది. “కమాన్ పట్టీ ఒకటి తెగింది సారూ. కమ్మీ నిలిచే ఉన్నది. పొద్దుగాల మా తమ్ముడు అతుకేస్తడు. ఎల్లుండి మళ్ల పోవాలె కద.”

“పోవాలె” అన్నాడు సుదర్శనం. “పరీక్ష ఇంక అయిపోలె.”

పుష్పలతకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చాలాసేపు విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

“పట్టీ మెడకే ఉంటదా? నువ్వు పండుకుంటె ఎట్ల మరి?”

సుదర్శనం రోజంతా బండి గురించి, వంతెన గురించి, యాకూబ్ గురించి ఆలోచించాడు. తన నిద్ర గురించి ఆలోచించలేదు. ఎప్పటికో అప్పటికి కన్ను మూతపడుతుంది. ఇన్నేళ్లుగా నేర్పిన మాట దానంతటదే బయటికొస్తుంది.

సక్రి జొన్నరొట్టె, పచ్చడి తెచ్చి కిటికీలోంచి ఇచ్చింది. ఆయన తిన్నాడు. నీళ్లు తాగాడు. తర్వాత ఆమె భుజాన ఉన్న తువ్వాలు అడిగి తీసుకుని, మడతపెట్టి, నోటికి అడ్డంగా వేసి తల వెనక గట్టిగా ముడివేసుకున్నాడు. సక్రి కాసేపు అర్థంకానట్టు చూసింది. అర్థమయ్యాక ముందుకు వంగి, ముడి వదులుగా ఉందని విప్పి, తనే మళ్లీ బిగించి కట్టింది.

“నేను కూసుంట సారూ” అంది. “మీరు గొణిగితె తట్టి లేపుత.”

ఆయన సీటు మీదికి వాలాడు. కాలవ మీద గేటు ఇంకా దిగుతూ, ఆగుతూ ఉన్న చప్పుడు ఇక్కడి దాకా వినిపిస్తోంది.

“తీర్పు చెప్పండి” అంది పీఠం.